వాన ముంచెత్తితే మా ఆశ్రమంలో ఎవరేం చేయాలి? సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. తిరుపతిలో చిన్న వృద్ధాశ్రమం నడుపుతున్నాం. పెద్దవాళ్లు 32 మంది, చూసుకునేవాళ్లం ఆరుగురం. 2021 నవంబరు వానలకు ఊరు మునిగినప్పుడు మా కింది గదుల్లోకి మోకాలిలోతు నీళ్లొచ్చాయి. కరెంటు పోయింది, ఇన్సులిన్ పెట్టిన ఫ్రిజ్ ఆగిపోయింది. చీకట్లో ఎవరిని ముందు మేడ మీదికి చేర్చాలో తెలీక మెట్ల దగ్గరే ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. మంచం దిగలేని అవ్వ ఒకామె నా చెయ్యి వదల్లేదు. ఆ పట్టు ఇంకా గుర్తుంది.

108, 112 నంబర్లు గోడకు అంటించాం. అంతకుమించి ఏం చేయాలి? రాత్రి డ్యూటీలో ఇద్దరే ఉంటారు, వాళ్లకు పనులెలా పంచాలి? పెద్దవాళ్లు బెదరకుండా మాక్ డ్రిల్ చేయించినవాళ్లున్నారా? అగ్నిమాపక కేంద్రానికి అర్జీ పెట్టుకుంటే వచ్చి నేర్పిస్తారా? అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోగా సిద్ధం కావాలి. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.