ఇంటి నుంచి పనిచేసిన నేను, పనిచోటికి వెళ్ళిన మా అక్క: ఆ రోజుల గురించి ఎలా మాట్లాడుకోవాలి?

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించాక రెండేళ్ళపాటు నేను ఇంటి నుంచే పనిచేశాను. ఆసుపత్రి ప్రయోగశాలలో ఉద్యోగం చేసే మా అక్క మాత్రం రోజూ వెళ్ళక తప్పలేదు. 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ఆ సంస్థే చెప్పినా, మా ఇద్దరి మనసుల్లో అది ఒకేలా ముగియలేదు. ఆ కాలం నాకు పిల్లలతో గడిపే తీరికనిచ్చిందని నేనంటే, ఆమె మౌనంగా లేచి వెళ్ళిపోతుంది. జనంలోకి వెళ్ళాలంటే నాకు ఇప్పటికీ జంకు. ఆమెకు ఆ జంకు ఎప్పుడో పోయింది, కానీ వృత్తిపై ఉన్న మమకారం కూడా దానితోపాటే పోయింది, అదే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. ఇలాంటి రెండు అనుభవాలున్న ఇళ్ళవారు ఒకరినొకరు నొప్పించకుండా ఆ రోజుల గురించి ఎలా మాట్లాడుకోగలిగారో, ముందుగా ఎవరు నోరు విప్పారో దయచేసి తెలియజేయగలరా?