అప్‌డేట్: బ్యాకప్ ఛానల్ పేటెంట్ నోటీసు సంగతి

తిరుపతిలో మాది చిన్న వర్క్‌షాప్. ఫైబర్ తెగితే లైన్‌ను రేడియో లింక్‌కి మార్చే బాక్సులు చేస్తాం. అది తమ పేటెంట్, అమ్మకం ఆపమని ఒక కంపెనీ లాయర్ నోటీసు పంపితే ఏం చెయ్యాలని అడిగాను కదా. చించి పారేయమన్న సలహా వినకపోవడమే మంచిదైంది.

పోయిన వారం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి పేటెంట్ ఏజెంటును కలిశాను. ఆయన టైటిల్, సారాంశం పక్కన పెట్టి నేరుగా క్లెయిములు తెరిచారు. హక్కు ఎంతవరకో తేల్చేవి అవే. మొదటి క్లెయిములో ఒక్క మాట కింద పెన్సిల్‌తో గీత గీశారు: "ఏకకాలంలో". అంటే ఒకే సిగ్నల్ రెండు ఛానళ్లలోనూ ఎప్పుడూ వెళ్తుండాలి, అందుకునే వైపు బాగున్నదాన్ని ఎంచుకోవాలి. మా బాక్సులో బ్యాకప్ ఖాళీగా ఉంటుంది. తీసుకెళ్లిన రెండు బాక్సులను ఆయన టేబుల్ మీదే కలిపి, ఫైబర్ పీకి చూపించాను. అప్పటిదాకా ఆరిపోయి ఉన్న రేడియో లైటు అప్పుడు వెలిగింది. నాకు సగం టెన్షన్ అక్కడే దిగింది.

పైగా ఈ రెండు పద్ధతులూ ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) వారి 1998 నాటి జి.841 ప్రమాణంలో ఉన్నవే. అంటే కొత్తవి కావని పేటెంటునే సవాలు చెయ్యొచ్చు. కానీ పేటెంట్ మంజూరు ప్రచురించిన ఏడాదిలోపు వెయ్యాల్సిన అభ్యంతరానికి గడువు దాటింది. ఇక పేటెంట్ చట్టం సెక్షన్ 64 కింద హైకోర్టులో రద్దు కోరాలి. ఆ ఖర్చు ఇప్పుడు మావల్ల కాదు.

క్లెయిముకూ మా బాక్సుకూ తేడా చూపిస్తూ, ఆధారం లేని బెదిరింపులపై సెక్షన్ 106 ఉందని గుర్తుచేస్తూ జవాబు పంపాం. నోటీసు చూసి ఆర్డర్లు ఆపిన ఇద్దరు కస్టమర్లకూ ఆ జవాబు కాపీ ఇచ్చాను. ఒకరు మళ్లీ ఆర్డర్ పెట్టారు. కంపెనీ నుంచి ఇంకా జవాబు లేదు, వస్తే రాస్తాను.