పదో తరగతి ఉత్తీర్ణతకు చేతిపనిని కూడా షరతుగా పెట్టవచ్చా?

ప్రశ్న (ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, అమలాపురం పరిసరాలు):
మన రాష్ట్రంలో హిందీలో 20, మిగిలిన సబ్జెక్టుల్లో 35 చొప్పున మార్కులు తెచ్చుకున్న విద్యార్థి పదో తరగతి గట్టెక్కినట్టే. ఆ తరువాత ఇంటర్‌కు వెళ్లినా, పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరినా, ఐటీఐకి వెళ్లినా అక్కడ ఎదురయ్యే పనిని బడి అతని చేత ఒక్కసారైనా చేయించి ఉండదు. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే వృత్తివిద్యను పరిచయం చేయమంది. పబ్లిక్ పరీక్షతో పాటు ఒక ప్రాజెక్టును పూర్తి చేస్తేనే సర్టిఫికెట్ ఇవ్వాలనే నిబంధన మన డెల్టా పల్లెల్లో నిలబడుతుందా?

జవాబు 1 (పాలిటెక్నిక్ అధ్యాపకుడు, కాకినాడ):
మాస్టారూ, నిబంధన మంచిదే కానీ, దానికి మార్కులు కేటాయిస్తే చెడిపోతుంది. పదో తరగతిలో ఏ బడి పిల్లలకు ఆ బడే వేసే 20 మార్కుల ఇంటర్నల్స్ పెట్టి, చివరకు 2019లో ప్రభుత్వమే ఎత్తివేసిన సంగతి మీకు తెలుసు. మా దగ్గర చేరే పిల్లలకు త్రికోణమితి సూత్రాలు కంఠతా వస్తాయి. టేపు చేతికిచ్చి గదిని కొలిచి ప్లాను గీయమంటే మాత్రం తడబడతారు. చేశాడా, లేదా అన్నంత వరకే చూడాలి, అదీ వేరే బడి ఉపాధ్యాయుడు వచ్చి చూడాలి.

జవాబు 2 (రొయ్యల రైతు, భీమవరం వైపు):
ప్రాజెక్టు కోసం ఎక్కడో వెతకనక్కరలేదండి. చెరువు నీటి లవణీయత, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ నెల రోజులు నమోదు చేసి, ఆక్సిజన్ తెల్లవారుజామునే ఎందుకు పడిపోతుందో, నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఏ వేళ తిప్పాలో రాయమనండి. రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, కరెంటు బిల్లు లెక్క మూడూ అందులోనే ఉన్నాయి. అయితే చెరువు గట్టు మీదకు రాత్రివేళ పిల్లలను పంపడం ఏ తల్లిదండ్రులకూ ఇష్టముండదు, ఆడపిల్లలనైతే అసలే పంపరు. కాబట్టి నమూనాలు మేము తెచ్చిస్తాము, పరీక్షలు బడి ల్యాబులో చేయించండి. ప్రాజెక్టు పేరుతో జీతం లేని కూలీలుగా వాడుకునేవారూ మాలో లేకపోలేదు, ఆ తలుపు ముందే మూసెయ్యాలి.

జవాబు 3 (ఇంటర్ వొకేషనల్ చదివి డిగ్రీ చేస్తున్న విద్యార్థిని, పాలకొల్లు):
నిబంధన అందరికీ ఒకటిగా లేకపోతే వద్దే వద్దు. వొకేషనల్ తీసుకున్నానంటే ఎంపీసీలో సీటు రాలేదా అని బంధువులే అడిగారు. పైచదువులకు అర్హత కోసం బ్రిడ్జి కోర్సు అదనంగా రాయవలసి వచ్చింది. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతి నుంచే హాస్టళ్లలో ఉంచి చదివించే ప్రైవేటు బడులకు మినహాయింపు ఇస్తే, ఇది సర్కారు బడి పిల్లల మీద పడిన మరో బరువుగానే మిగులుతుంది. ఆ బడుల పిల్లలే రేపు ఇంజినీర్లవుతారు కదా, టేపు పట్టడం వారికీ రావాలి.