అండమాన్ ఆదిమ తెగలపై పరిశోధన ఎంతవరకు? ఎవరి అనుమతితో?

పెన్నా గట్టు (కడప):
హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు 2005లో 'సైన్స్' పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. ఒంగే, గ్రేట్ అండమానీ తెగల తల్లివైపు వంశక్రమంలో (తల్లి నుంచి సంక్రమించే డీఎన్ఏలో) ఎం31, ఎం32 అనే అతి ప్రాచీన శాఖలు ఉన్నాయని, ఆఫ్రికా నుంచి తొలినాళ్లలో బయలుదేరిన మానవ వలసకు వీరు వారసులని అది ప్రతిపాదించింది. ఈ తెగల్లో మిగిలినవారు కొద్దిమందే. ఒక అంటువ్యాధి వస్తే ఈ చరిత్ర తెలుసుకునే అవకాశం శాశ్వతంగా పోతుంది. కాబట్టి తగిన వైద్య జాగ్రత్తలు తీసుకుని, బయటివారిని రానివ్వని తెగ ఉండే ఉత్తర సెంటినెల్ దీవితో సహా అన్నిచోట్లా రక్త నమూనాలు సేకరించాలని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

తుంగభద్ర తీరం (కర్నూలు):
పెన్నా గట్టు గారు భయపడుతున్న అంటువ్యాధిని ఆ దీవులకు మోసుకుపోయింది బయటివాళ్లే. 1858లో బ్రిటిష్‌వారు పోర్ట్ బ్లెయిర్‌లో శిక్షా స్థావరం పెట్టి, తెగలవారిని మచ్చిక చేసుకోవడానికి 'అండమాన్ హోమ్స్' అనే ఆశ్రయ గృహాలు నడిపారు. 1877లో తట్టు సోకి ఎందరో చనిపోయారు. అంతకుముందు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1901 జనగణన నాటికి 625 మంది, 1961 నాటికి 19 మంది. 1880లో పోర్ట్‌మన్ అనే అధికారి ఉత్తర సెంటినెల్ నుంచి ఇద్దరు వృద్ధులను, నలుగురు పిల్లలను పట్టుకుపోగా, వృద్ధులిద్దరూ జబ్బుపడి మరణించారు. పిల్లలను కానుకలతో తిరిగి దీవిలో వదిలిపెట్టారు. వారితో ఏ రోగం ఆ దీవిలో అడుగుపెట్టిందో ఎవరూ చూడలేదు. అండమాన్‌లోని మరో తెగ జారవాలు 1997 తరువాత తమంతట తామే ఊళ్లవైపు రావడం మొదలుపెడితే, 1999లోనే వారికి తట్టు సోకింది. 'తగిన వైద్య జాగ్రత్తలు' అనే మాట వినడానికి బాగుంటుంది గాని, దీవికి పడవ చేరినాక ఆ హామీకి పూచీ ఎవరు?

శాస్త్రం విషయానికి వస్తే, ఎం31 అండమాన్‌కే పరిమితం కాదని, దానికి దగ్గరి శాఖ ఈశాన్య భారతంలోని రాజ్‌బన్షీ అనే సముదాయంలోనూ ఉందని మరుసటి ఏడాదే అదే పత్రికలో మరో బృందం చూపింది. ఆ సవరణ ప్రధాన భూభాగంలోని నమూనాలతోనే జరిగింది. దానికోసం ఎవరూ సెంటినెల్ ఒడ్డున దిగవలసిన అవసరం రాలేదు.

మన నల్లమల చెంచులనే చూడండి. 1940లలో మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ మొదలుకొని నేటి దాకా వారిని చదివినవారు కోకొల్లలు. ఆత్మకూరు అడవి దాపున ఒక గూడెంలో పెద్దాయన ఒకరు నాకు తన వేలికొన చూపించి, "సూది పొడిచి రక్తం పట్టుకపోయినారు, అందులో ఏముందో మాకు ఎవురూ చెప్పల్యా" అన్నారు. రోడ్డు, బడి, ఆధార్ కార్డు ఉన్న చెంచుకే ఆ జవాబు దక్కనప్పుడు, ఎవరి భాష మనకు తెలియదో ఆ సెంటినెల్ మనిషి దగ్గర సమ్మతి తీసుకున్నామని ఏ కాగితం మీద రాస్తాం?

అధ్యాపకురాలు (అనంతపురం):
సెంటినెల్ విషయంలో తుంగభద్ర తీరం గారితో నాకు పేచీ లేదు. 1991లో మానవశాస్త్రవేత్తలు త్రిలోక్‌నాథ్ పండిట్, మధుమాల ఛటోపాధ్యాయ ఉన్న బృందం చేతినుంచి ఆ దీవివారు కొబ్బరికాయలు అందుకున్నారు. అయినా కొన్నేళ్లకే ప్రభుత్వం ఆ యాత్రలను ఆపేసింది, అది సరైన నిర్ణయమే. అయితే అక్కడి నుంచి 'పరిశోధనే వద్దు' అనేదాకా పోతే ఒప్పుకోలేను. 2010 జనవరిలో గ్రేట్ అండమానీ వృద్ధురాలు బోవా సీనియర్ కన్నుమూయడంతో 'బో' భాష మాట్లాడేవారు ఇక లేకుండా పోయారు. భాషావేత్త అన్వితా అబ్బి ఆమె దగ్గర కూర్చుని పదాలూ పాటలూ రికార్డు చేసి ఉండకపోతే ఈరోజు ఆ గొంతు కూడా మిగిలేది కాదు. ఇక వైద్యం సంగతి చూస్తే, జారవాలలో హెపటైటిస్ బి ఎక్కువగా ఉందని రక్తపరీక్షలు చేయబట్టే తెలిసింది. ఇప్పటికే సంపర్కంలోకి వచ్చిన తెగను చదవకుండా వదిలేయడం కూడా ఒక రకమైన నిర్లక్ష్యమే. నల్లమల పెద్దాయనకు జరిగింది అన్యాయమే, నిజమే. ఫలితం తిరిగి ఇవ్వకపోవడం తప్పు గాని పరీక్ష చేయడమే తప్పు కాదు కదా.

పెన్నా గట్టు (కడప):
1880 సంగతి నాకు కొత్త. సెంటినెల్ వరకు నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒక్క సందేహం: సమ్మతి ఒకసారి ఇస్తే చాలా? తరతరాలపాటు ఆ నమూనాను ఫ్రీజర్‌లో ఉంచి, కొత్త ప్రశ్న పుట్టినప్పుడల్లా వాడుకోవచ్చా?

తుంగభద్ర తీరం (కర్నూలు):
చాలదు. అధ్యాపకురాలు గారు అన్న వైద్య పరీక్షలకు నేను అడ్డు చెప్పను. వాటికి పెట్టవలసిన షరతు కూడా పెన్నా గట్టు గారి ప్రశ్నలోనే ఉంది. గ్రేట్ నికోబార్ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించే ప్రాజెక్టుకు అక్కడి గిరిజన మండలి 2022 ఆగస్టులో నిరభ్యంతర పత్రం ఇచ్చి, పూర్తి వివరాలు తమకు చెప్పలేదంటూ నవంబరులో దాన్ని రద్దు చేసుకుంది. భూమి విషయంలో ఆ మండలి వాడుకున్న హక్కే రక్తం విషయంలోనూ ఉండాలి. నమూనా ఇచ్చిన తెగ అడిగిన రోజున దాన్ని వాడడం ఆపాలి, కొత్త అధ్యయనానికి మళ్లీ వెళ్లి అడగాలి, వచ్చిన ఫలితాన్ని వారి భాషలో వారి మధ్య కూర్చుని చెప్పాలి. ఈ మూడింటికీ ఖర్చు, సిబ్బంది ముందే చూపించని ప్రాజెక్టును ఏ నైతిక కమిటీ కూడా ఆమోదించకూడదు. చెంచులకు కూడా ఇదే నియమం వర్తించాలి.