అప్‌డేట్: చివరి దశ రోగులతో పనిచేసే సోషల్ వర్కర్లకు శిక్షణ ఎక్కడ?

హనుమకొండలో ఆసుపత్రి సోషల్ వర్కర్‌ని. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదివినా, నయం కాని క్యాన్సర్ రోగి పక్కన కూర్చుంటే నోరు పెగలడం లేదని, ఎక్కడ నేర్చుకోవాలని మార్చిలో ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగంలో (నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే విభాగం) అడగమన్న సలహా పనిచేసింది. అక్కడ మంచాల పక్కన గడిపిన రోజులే అసలు చదువు. చెడు వార్త చెప్పడానికి స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి ఉంది. అందులో చెప్పడం నాలుగో మెట్టు. రోగికి ఏం తెలుసో అడగడం రెండోది. నేను ఇన్నాళ్లూ నేరుగా నాలుగో మెట్టు ఎక్కేదాన్ని. "నాన్నకు చెప్పకండి" అనే కొడుకులతో వాదించడం మానేసి, వాళ్ల భయం ముందు వింటున్నాను.

మొన్న పరకాల దగ్గర ఒక పల్లెకు రోగిని చూడటానికి వెళ్లాం. మార్ఫిన్‌తో నొప్పి తగ్గినా పెద్దాయనకు నిద్ర లేదు. చాలాసేపు మౌనంగా కూర్చున్నాక దిండు కింద నుంచి పట్టాదారు పాసుపుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. చిన్న కూతురికి భూమి దక్కదేమోనన్నదే ఆయన బాధ. సిసిలీ సాండర్స్ చెప్పిన "సంపూర్ణ వేదన", అంటే ఒంటి నొప్పితో పాటు మనసు, కుటుంబం బాధలూ కలిసిన వేదన, అప్పుడు అర్థమైంది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ కేంద్రం) ప్రారంభించిన ఆమె, డాక్టర్ కాకముందు ఆసుపత్రి సోషల్ వర్కరే! ఆ మాట నాకు కొండంత ధైర్యం ఇచ్చింది.

కొందరు చెప్పిన సైకాలజీ డిప్లొమా అవసరం పడలేదు. ఇదే వెతుకుతూ వచ్చినవారు ముందు మీ జిల్లా పాలియేటివ్ కేర్ కేంద్రంలో అడగండి, ఇళ్లకు వెళ్లే బృందంతో కలిసి వెళ్లండి.