పీహెచ్‌డీ ప్రవేశానికి ఓర్సిడ్ సంఖ్యను తప్పనిసరి చేయవచ్చా?

అనంతపురం, పరిశోధక విద్యార్థిని:
ఇకపై పీహెచ్‌డీలో చేరేవారికి ఓర్సిడ్ సంఖ్య ఉండి తీరాలన్న ప్రతిపాదన మా విభాగంలో చర్చకు వచ్చింది. 2012 అక్టోబరులో మొదలైన ఈ వ్యవస్థ పరిశోధకులకు 16 స్థానాల గుర్తింపు సంఖ్యను, వారి రచనలు నమోదయ్యే ఒక ఆన్‌లైన్ పుటను ఉచితంగా ఇస్తుంది. నేను ఈ ప్రతిపాదనను సమర్థిస్తున్నాను. శ్రీనివాసులు, రామాంజనేయులు వంటి పేర్లు మన సీమలో ఊరూరా ఉన్నాయి. పైగా ఇంటిపేరును ముందు రాసే మన పద్ధతి అంతర్జాతీయ పత్రికల దరఖాస్తుల్లో తారుమారవుతుంది. ఒకే వ్యక్తి పేరు ఒక వ్యాసంలో పొడి అక్షరాలతో, ఇంకొక వ్యాసంలో పూర్తిగా, మరొక వ్యాసంలో రెడ్డి అన్నదే ఇంటిపేరుగా అచ్చవుతోంది. పెళ్ళి తర్వాత ఇంటిపేరు మార్చుకున్న మహిళల వ్యాసాలైతే ఇద్దరి ఖాతాల్లోకి చీలిపోతున్నాయి. సంఖ్య ఒక్కటైతే ఈ గందరగోళం తీరుతుంది.

కడప, తెలుగు అధ్యాపకుడు:
అమ్మా, మీరు చెప్పిన ఇబ్బంది నిజమే కానీ, తప్పనిసరి చేయడాన్ని నేను ఒప్పుకోలేను. మా జిల్లాలోని కలమళ్ళ శాసనం మీదనో, మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులనే గ్రామచరిత్రల మీదనో పనిచేసే విద్యార్థి తన వ్యాసాలను తెలుగు పత్రికలకే ఇస్తాడు. వాటిలో చాలావాటికి డీఓఐ, అంటే వ్యాసానికి ఇచ్చే శాశ్వత డిజిటల్ గుర్తింపు, ఉండదు కాబట్టి అవి ఓర్సిడ్ పుటలోకి వాటంతట అవి చేరవు. రేపు నియామక సంఘం ఆ ఖాళీ పుటను తెరిచి చూసి, ఇతడు ఏమీ రాయలేదని అనుకుంటే ఎవరు జవాబు చెబుతారు? నాకు తెలిసిన ఒక కళాశాలలో సిబ్బందే విద్యార్థులందరి పేరునా ఖాతాలు తెరిచి, సంకేతపదాలను తమ దగ్గరే ఉంచుకున్నారు. ఆదేశం వచ్చిన ప్రతిచోటా ఇదే జరుగుతుందని నా భయం.

కర్నూలు, విశ్వవిద్యాలయ గ్రంథపాలకురాలు:
సార్, ఆ కళాశాలలో జరిగింది ఓర్సిడ్ నియమాలకే విరుద్ధం. ఎవరి ఖాతా వారే తెరుచుకోవాలి, అందులోని ప్రతి వివరం అందరికీ కనబడాలా, నమ్మిన సంస్థలకే కనబడాలా, తమకు మాత్రమే కనబడాలా అన్నది వారే నిర్ణయించుకోవాలి. డీఓఐ లేని తెలుగు వ్యాసాన్ని చేత్తో నమోదు చేసుకోవచ్చు, పేరును తెలుగు లిపిలో కూడా చేర్చుకోవచ్చు. అయితే అది స్వయంగా చేర్చిన వివరమా, ప్రచురణకర్త పంపినదా అన్నది పక్కనే కనిపిస్తుంది. ఆ తేడాను తక్కువతనంగా చదివే అధికారులున్నారన్న మీ ఆందోళనను నేను కాదనను.

కానీ ఒక విషయం ఆలోచించండి. మనం సంఖ్య తీసుకోకపోయినంత మాత్రాన మనకు సంఖ్య లేకుండా పోదు. ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ నడిపే వ్యాసాల సూచిక స్కోపస్, తనలో చేరిన ప్రతి రచయితకూ తన లెక్కల ప్రకారం ఒక గుర్తింపు సంఖ్యను తానే కేటాయిస్తుంది. రెండు పేర్లను కలిపినా, ఒక పేరును రెండుగా చీల్చినా సరిదిద్దమని మనం వారికి విన్నవించుకోవాలి. ఓర్సిడ్ లాభాపేక్ష లేని సంస్థ, దానికి నిధులు సభ్యసంస్థలు కట్టే రుసుముల నుంచి వస్తాయి. అందులోని తప్పును మనమే దిద్దుకోగలం. వ్యాసం పంపేటప్పుడే ఈ సంఖ్యనిచ్చి, ఆపై అనుమతి కూడా ఇస్తే, ప్రచురణ వివరాలను డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ నేరుగా మన పుటకు చేర్చగలదు. ఒక్క జాగ్రత్త: విశ్వవిద్యాలయపు ఈమెయిల్‌తో మాత్రమే ఖాతా తెరిస్తే చదువు ముగిసి ఆ ఈమెయిల్ పోయాక లోపలికి వెళ్ళడం కష్టమవుతుంది కనుక, సొంత ఈమెయిల్‌ను కూడా తప్పక జతచేయాలి.

అనంతపురం, పరిశోధక విద్యార్థిని:
ఈ సంఖ్య ఎవరి ప్రతిభకూ, నిజాయతీకీ ధ్రువపత్రం కాదు. ఓర్సిడ్ గుర్తింపు పత్రాలను పరిశీలించదు కూడా. అందుకే సంఖ్య ఉందా లేదా అని మాత్రమే విభాగం అడగాలనీ, పుటలో ఎన్ని వ్యాసాలున్నాయో లెక్కపెట్టే అధికారం ఎవరికీ ఉండకూడదనీ ప్రతిపాదనలో చేర్చమని కోరతాను. సార్, అప్పుడు మీకు సమ్మతమేనా?

కడప, తెలుగు అధ్యాపకుడు:
ఆ మాట నిబంధనలో అక్షరాలా ఉంటే నా అభ్యంతరం సగం తీరుతుంది. మిగతా సగం గడువు గురించి. ప్రవేశం రోజునే అడగవద్దు. సిద్ధాంత గ్రంథం శోధగంగకు, అంటే దేశంలోని సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారానికి, చేరే నాటికి ఉంటే చాలు. ఈలోగా గ్రంథాలయంవారు తెలుగు, ఉర్దూ, చరిత్ర శాఖల విద్యార్థులను పక్కన కూర్చోబెట్టుకొని పాత వ్యాసాలను నమోదు చేయించాలి.

కర్నూలు, విశ్వవిద్యాలయ గ్రంథపాలకురాలు:
ఆ పని మా గ్రంథాలయంలో మొదలుపెట్టడానికి నేను సిద్ధం. తెలుగు శాఖతోనే ఆరంభిస్తాను.