పాత కరోలా, మిన్నెసోటా చలి: పొద్దున్నే ఇంజిన్ ఎంతసేపు వేడెక్కించాలి?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్ చేయడానికి ఈ ఆగస్టులో మినియాపొలిస్ వచ్చాను. ఒక సీనియర్ దగ్గర 2004 కరోలా కొన్నాను, ఆటోమేటిక్. అపార్ట్‌మెంట్ ముందు ఓపెన్ పార్కింగే. రూమ్మేట్ ఏమో ఇరవై నిమిషాలు ఆన్‌లో పెట్టి వదిలెయ్యమంటున్నాడు. నాన్నగారు ఫోన్లో, స్టార్ట్ అవగానే బాగా రేజ్ చెయ్యమంటున్నారు. ఏది చెయ్యాలి? జనవరి గురించి అందరూ చెప్తుంటే భయంగా ఉంది.

*

తమ్ముడూ, రెండూ వద్దు.

మీ నాన్నగారు చెప్పింది అంబాసిడర్, పద్మినీల నాటి మాట. అవి కార్బురేటర్ బళ్ళు. చోక్ లాగి, ఎక్సలేటర్ మీద కాలు తియ్యకుండా పట్టుకుంటే గానీ చలిలో నిలిచేవి కావు. నీ కరోలాది ఫ్యూయల్ ఇంజెక్షన్. ఎంత చల్లగా ఉందో సెన్సార్ చెప్తే పెట్రోలు ఎంత ఇవ్వాలో కంప్యూటరే చూసుకుంటుంది. స్టార్ట్ అవగానే ఆర్‌పీఎం పన్నెండు, పదిహేను వందల దగ్గర ఉంటుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. అప్పుడు రేజ్ చేస్తే, గట్టిపడిన ఆయిల్ ఇంకా అన్ని చోట్లకీ చేరకముందే లోపలి భాగాలు ఒరుసుకుంటాయి.

ఇరవై నిమిషాలు నిలబెట్టడం కూడా ఇంజిన్‌కి మంచిది కాదు. చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ పోతుంది. అందులో కొంత కాలకుండా సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. నిలబడి ఉన్న ఇంజిన్ నెమ్మదిగా వేడెక్కుతుంది, నడుస్తున్నది త్వరగా వేడెక్కుతుంది. మామూలు చలిలో అర నిమిషం, నిమిషం చాలు. మైనస్ ఇరవై ఫారెన్‌హీట్ లాంటి రోజున రెండు మూడు నిమిషాలు ఉంచు. ఆ టైములో అద్దాల మీద మంచు మొత్తం గీకెయ్యి. డ్రైవరు ముందు మాత్రం చిన్న కంతలా గీకి బయల్దేరేవాళ్ళని చూస్తుంటాను, దయచేసి అలా చెయ్యకు. మంచు కరగాలని వేడినీళ్ళు అసలు పొయ్యొద్దు, అద్దం పగులుతుంది. బయల్దేరాక టెంపరేచర్ ముల్లు పైకి లేచేదాకా మెల్లగా పోనీ, వెంటనే హైవే ఎక్కి తొక్కకు.

సెల్ఫ్ కొట్టే ముందు లైట్లు, బ్లోయర్, వెనకద్దం హీటర్ అన్నీ ఆఫ్‌లో ఉండాలి. తాళం ఆన్ దాకా తిప్పి రెండు సెకన్లు ఆగు. అప్పుడు కొట్టు, కాలు ఎక్సలేటర్ మీద పెట్టకుండా. పది సెకన్లలో అందుకోకపోతే వదిలేసి ఒకటి రెండు నిమిషాలు ఆగు. పట్టుకునే ఉంటే స్టార్టర్ మోటారు కాలుతుంది. పెట్రోలు వాసన గుప్పుమంటోందంటే లోపల ఎక్కువైందన్నమాట. అప్పుడు మాత్రం ఎక్సలేటర్ పూర్తిగా అదిమి సెల్ఫ్ కొడితే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి. అందుకోగానే కాలు తీసెయ్యి. స్టార్ట్ అయ్యాక ఎర్రటి ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఇంజిన్ ఆపేసి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూడు.

ఇక్కడ పొద్దున్నే బళ్ళు మొరాయించేది ఎక్కువగా బ్యాటరీ వల్లే. సున్నా ఫారెన్‌హీట్‌లో బ్యాటరీ బలం దాదాపు సగానికి పడిపోతుంది, అదే సమయంలో ఇంజిన్ తిప్పడానికి బలం ఎక్కువ కావాలి. సెల్ఫ్ "ఉర్ర్... ఉర్ర్..." అని బరువుగా ఈడుస్తుంటే అది ముందస్తు హెచ్చరిక. ఒట్టి "టక టక టక" అంటే బ్యాటరీ అయిపోయినట్టే, లేదా వైరు తగిలించే టెర్మినల్ వదులై ఉంటుంది. బానెట్ ఎత్తి చూడు, టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో బూజులాంటి పొడి పేరుకుని ఉంటే శుభ్రం చేయించు. బ్యాటరీ మీద స్టిక్కర్లో నెల, సంవత్సరం ఉంటాయి. నాలుగైదేళ్ళు దాటిందంటే నవంబర్‌లోనే మార్చెయ్యి. ఆటో పార్ట్స్ షాపులు చాలావరకు ఉచితంగానే టెస్ట్ చేస్తాయి. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 28 ఫారెన్‌హీట్ దాకా పడిపోయింది. అలాంటి రోజు కొత్త బ్యాటరీ వేయించుకోవడం ఎంత కష్టమో ఊహించుకో.

*

పక్క రాష్ట్రం నార్త్ డకోటాలోని ఫార్గో నుంచి రాస్తున్నాను. అన్నగారు చెప్పినవన్నీ నిజమే. నేను చెప్పేది పొగ గురించి.

బాబూ, రేపు గరాజ్ ఉన్న ఇంట్లోకి మారినా సరే, గరాజ్‌లో బండి ఆన్ చేసి వేడెక్కించకు. తలుపు తెరిచినా సరే వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు ఉండదు, వాసన ఉండదు. గరాజ్ నుంచి ఇంట్లోకి చేరి పడుకున్నవాళ్ళని పడుకున్నట్టే తీసుకుపోతుంది. ఓపెన్ పార్కింగ్ కదా అని ధీమా పడకు. రాత్రంతా మంచు పడి సైలెన్సర్ గొట్టం పూడుకుపోతే పొగ బండి కిందకి చేరి లోపలికి వస్తుంది. కాబట్టి తాళం తిప్పకముందే వెనక్కెళ్ళి గొట్టం చుట్టూ మంచు తవ్వెయ్యి. పాత బండికి సైలెన్సర్ తుప్పు పట్టి కంతలు పడతాయి, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్ళు కదా మనవి. శబ్దం మారినా, లోపల కూర్చుంటే తలనొప్పి, వికారం అనిపించినా వెంటనే దిగి బయటికి వచ్చెయ్యి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో ఈ రోజే బటన్ నొక్కి చూడు.

ఇంకొకటి, తాళం బండికే ఉంచి, తలుపులు లాక్ చెయ్యకుండా లోపలికి వెళ్ళి టీ తాగి రావద్దు. మినియాపొలిస్‌లో అది సిటీ నిబంధనలకి విరుద్ధం, దొంగలు ఎదురుచూసేది కూడా అలాంటి బళ్ళ కోసమే.

*

చాలా థాంక్స్ అన్నయ్యా, అక్కా. స్టిక్కర్ చూశాను, 2019 అని ఉంది. ఈలోపు డౌన్ అయితే రూమ్మేట్ బండి బ్యాటరీకి కేబుల్స్ కలిపి జంప్ ఇవ్వొచ్చా?

*

ఇవ్వొచ్చు, కానీ వరస తప్పొద్దు. ఎర్ర కేబుల్ ముందు నీ బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత అతని ప్లస్‌కి. నల్లది అతని మైనస్‌కి, చివరి కొస మాత్రం నీ బ్యాటరీకి కాదు, దానికి దూరంగా ఇంజిన్ మీద రంగు వెయ్యని లోహపు భాగానికి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ చేరుతుంది, నిప్పురవ్వ అక్కడ పడకూడదు. అతని ఇంజిన్ కొన్ని నిమిషాలు ఆన్‌లో ఉన్నాక నువ్వు సెల్ఫ్ కొట్టు. తీసేటప్పుడు తిరుగు వరస. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉంటే లోపల గడ్డకట్టిందని అర్థం, దానికి కేబుల్ తగిలించొద్దు, పేలొచ్చు.

2019 ది అంటే మాత్రం జంప్ దాకా ఎందుకు? ఈ శనివారమే మార్పించెయ్యి. తోడు కావాలంటే మెసేజ్ పెట్టు, వస్తాను.